ఊఁ అన్నది షాహీన్ కాదు

నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే లేచి పోతా. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు, సెల్లులో చూసింది కాదు. నాకే జరిగింది... మా అమ్మ తోడు. ఇంకా నమ్మకపోతే ఆళ్లగడ్డలో షాహీన్ ఉంది, ఫోన్ చేసి అడగండి. కానీ ఆ పిల్ల చెప్పదు. ఆ మాటెత్తితే చాలు, "అక్కా, ఇంగో మాట చెప్పు" అంటుంది.

నాకు దయ్యాల పిచ్చి లేదు. ఎవరైనా అట్లాంటి కథ మొదలుపెడితే ముందు నేనే ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చేయను. అంతే తేడా.

ముందు నా పని గురించి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

నేను ఇంట్లోనే కూర్చుని టైపు చేస్తా. నంద్యాలలో ఒక చిన్న ఆఫీసు ఉంది, వాళ్లకు హైదరాబాద్ నుంచి పని వస్తుంది. ఇంగ్లండులో ఉత్తరం వైపు డర్హమ్ అని ఒక జిల్లా. విక్టోరియా రాణి కాలంలో అక్కడ ఇంటింటికీ తిరిగి మనుషుల లెక్క రాసుకున్నారు, మన జనాభా లెక్కల మాదిరే. ఆ చేతిరాత కాగితాల ఫోటోలు మాకు పంపిస్తారు. మేం వాటిని చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. మా తాత ఎవరు, మా జేజి ఎవరు అని వాళ్ల మునిమనవళ్లు వెతుక్కుంటారంట. మంచిదే కదా.

అందులో ఒక పద్ధతి ఉంది. ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని కాదు వాళ్లు అడిగింది. ఫలానా రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు నిద్రపోయారు... అదీ లెక్క. ఇంటి పెద్ద, ఆయన భార్య, పిల్లలు, అద్దెకున్న కుర్రాడు, ఆ రాత్రికి వచ్చిన చుట్టం. అందరినీ రాశారు. మొదట్లో నాకు భలే సరదాగా ఉండేది. మా పక్కింటాయన ఏం పని చేస్తాడో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ బొగ్గు గనుల ఊళ్లలో ఏ అత్త ఏ కోడలి దగ్గర ఉండేదో, ఎంత చిన్న పిల్లల్ని గనిలోకి పంపేవాళ్లో అడిగితే చెప్పేదాన్ని. మా ఆయన శీను నవ్వేవాడు. "నీకు నంద్యాలలో కంటే ఆడనే చుట్టాలు ఎక్కువైనారే" అని.

ఎక్కించింది సరిచూడాలి కదా. దానికి ఇద్దరు కావాలి. నేను ఫోటో చూసి గట్టిగా చదువుతా. షాహీన్ ఆళ్లగడ్డలో వాళ్లింట్లో కూర్చుని, ఫోన్లో నా మాట వింటూ టైపు చేసిన దాంతో పోల్చుకుంటుంది. సరిపోతే "ఊఁ" అంటుంది. తప్పుంటే "ఆగక్కా" అంటుంది. రోజంతా ఇదే మా బతుకు. నేనొక పేరు... తనొక ఊఁ. నేనొక పేరు... తనొక ఊఁ. ఆ ఊఁ మీరు గుర్తుపెట్టుకోండి.

పోయినేడు పెద్దల అమావాస్య.

మాతోపాటు శీను వాళ్ల జేజి ఉంటుంది. చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం పాము చెవులు. వంటింట్లో నేను డబ్బా మూత తీస్తే వరండాలో కూర్చుని "చెక్కెర ఎక్కువెయ్యాకు" అంటుంది. ఆమెకు ఏ పండగా లేకపోయినా పర్వాలేదు, ఈ అమావాస్య మాత్రం తప్పకూడదు. పోయినవాళ్లకు ఆకులు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి, సాంబ్రాణి వేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలిచిన తర్వాత ఇంట్లో ఎవరూ ఉండకూడదు. బయటికి వచ్చి తలుపు దగ్గరికేసి కూర్చోవాలి. వాళ్లు వచ్చి తినిపోతారని. కాసేపటికి చప్పట్లు కొట్టి, అప్పుడు తలుపు తీయాలి.

ఇదంతా మగపిల్లవాడు చేయాలి, పగలే చేయాలి. కానీ శీను విత్తనాల లోడుతో పోయి ఆత్మకూరు అవతల ఇరుక్కున్నాడు. టైరు పేలింది. ఇదిగో వస్తా, అదిగో వస్తా అని మధ్యాహ్నమంతా ఫోన్లు. జేజి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. పొద్దు గూకింది. ఇక ఆమెకు ఓపిక పోయింది.

"వాడు వచ్చేటప్పటికి అమావాస్య పోతాది. ఆకులు తీయమ్మే. మనమే పెడ్తాం."

మూడు ఆకులు వేశా. శీను వాళ్ల తాతకు ఒకటి, నాయనకు ఒకటి, అమ్మకు ఒకటి. అన్నం, పొట్టేలు కూర, ఉద్దివడలు, కజ్జికాయలు. తాత ఆకు పక్కన బీడీల కట్ట, అగ్గిపెట్టె. "అగ్గిపెట్టె మర్చిపోతే పోయినేడు కల్లోకొచ్చి తిట్నాడు" అంది జేజి. నేను నవ్వా. ఆమె నవ్వలేదు.

అప్పుడు నోరు జారి అడిగేశా. "జేజీ... బాబుకో?"

ఆమె ఆకుల అంచులు తడిమి సరిచేసింది. తర్వాత మెల్లగా అంది. "నోట్లో పండ్లు రాని బిడ్డకి ఆకు ఎయ్యరు పాపా. పేరు గూడా పెట్టకపోతిమి. ఏమని పిలుస్తావ్?"

మీలో కొందరికి తెలీదు. నాకొక బిడ్డ పుట్టి పోయాడు. దానికి రెండేళ్లవుతోంది అప్పటికి. నెలలు నిండకముందే పుట్టాడు. పురుడు కూడా గడవలేదు. వాడు ఏడ్చింది లేదు. ఏడ్చేంత ఊపిరి వాడికి లేదు. ఊపిరి వదిలినప్పుడల్లా మూలిగేవాడు... ఊఁ... ఊఁ... అని. ఆసుపత్రిలో వాడిని పెట్టిన అద్దాల పెట్టెకు చెవి ఆనించి నేను విన్నది అదొక్కటే. వాడి గొంతు అంటే నాకు అదే. తర్వాత ఎవరో గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో నేను అడగలేదు, శీను చెప్పలేదు. పాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. బిడ్డ పోయిన సంగతి వాటికి తెలీదు కదా. పిండి పారబోసుకుంటూ ఏడ్చేదాన్ని.

సరే. జేజి పేర్లు పెట్టి ముగ్గురినీ పిలిచింది. దండం పెట్టుకున్నాం. దీపం లోపలే వదిలేసి బయటికి వచ్చాం. తలుపు వేసి గొళ్లెం పెట్టా. జేజి చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

అర్ధరాత్రేం కాదు. దీపాలు పెట్టే వేళ దాటి కాసేపైంది, అంతే. మా ఇల్లు కుందూ ఏటి వైపు, వీధి చివర. అవతల అంతా వరి మళ్లు. కప్పలు అరుస్తున్నాయి. అమావాస్య కదా... చీకటి. అంతలో కరెంటు పోయింది. వీధి దీపం కూడా. ఇక వెలుతురంటే తలుపు కింద సందులోంచి సన్నగా కనిపించే లోపలి దీపం ఒక్కటే.

ఫోన్ మోగింది. షాహీన్.

"అక్కా, ఆ కడపటి కట్ట మిగిలిపోయింది. రేపు పొద్దున్నే మేం కర్నూలుకు పోతాండాం, పెండ్లికి. ఇప్పుడు చూసేద్దామా? లేకుంటే ఎనక్కి పంపిస్తారు."

లాప్‌టాప్‌లో చార్జింగు ఉంది. ఊరికే కూర్చుని ఏం చేస్తాం అనుకున్నా. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నా. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకున్నా. మొదలుపెట్టా.

అదీ నేను చేసిన పని. లోపల ఆకులు వేసి ఉన్నాయి. అన్నం వేడిగా ఉంది. పిలిస్తే వస్తారని తలుపు వేసి పెట్టాం. నేను ఆ తలుపుకే ఆనుకుని, ఎప్పుడో పోయినవాళ్ల పేర్లు... ఒక్కొక్కటే... గట్టిగా చదువుతున్నా. అది అట్లా అవుతుందని నాకు తట్టనే లేదు. అది ఆఫీసు పని కదా!

ఇల్లు తర్వాత ఇల్లు పోతున్నాం. నా పేరు, తన ఊఁ. మధ్యలో జేజి తల తిప్పింది.

"ఎవుర్ని పిలుస్తాండావమ్మే?"

"ఎవర్నీ లేదు జేజీ. ఆఫీసు పని."

"మనుషుల పేర్లే గదా అవి?"

"అవును. ఇంగ్లండు వాళ్లవి."

"బతికుండారా?"

నాకు నవ్వొచ్చింది. "ఎక్కడ జేజీ! మీ తాతల కాలం వాళ్లు. ఎప్పుడో పోయారు."

జేజి నిటారుగా కూర్చుంది. చాప చప్పుడైంది. "ఏం పుట్టిందే నీకు? ఆకులేసిన ఇంటి ముందర కూసోని సచ్చినోళ్లని పేరుపెట్టి పిలుస్తాండావా? వాళ్లకి ఎవురన్నా పెడ్తాండారో లేదో... నీకేం ఎరుక? ఆపు."

ఫోన్లో షాహీన్ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వా. "ఒక్క ఇల్లే ఉంది జేజీ. అయిపోయింది" అన్నా.

ఒక్క ఇల్లు.

థామస్. ఇంటి పెద్ద. బొగ్గు తవ్వే పని.

"ఊఁ."

ఎలిజబెత్. భార్య.

"ఊఁ."

హానా. కూతురు. జేన్. కూతురు. రాల్ఫ్... అద్దెకుండేవాడు. అతనిదీ గని పనే.

"ఊఁ... ఊఁ... ఊఁ."

చివర ఇంకొక వరస ఉంది. టైపు చేసింది నేనే. కానీ చేసేటప్పుడు చూసి చెయ్యం కదా, చేతులే చేస్తాయి. చదివేటప్పుడు చూశా. పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. ఇంకా పెట్టలేదు అని రాశాడు ఆ రాసినాయన. వయసు దగ్గర కొన్ని రోజులు అని ఉంది. ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్రపోయిన వాళ్లలో వాడూ ఒకడు.

తెర మీద ఆ వరస దగ్గర వేలు ఆగింది. అయినా చదివా.

"పేరు... లేదు. కొడుకు. పసిబిడ్డ."

"ఊఁ."

హమ్మయ్య అనుకున్నా. "అయిపోయింది షాహీన్, పంపించేస్తా" అన్నా.

అటువైపు ఏం లేదు. ఫోన్ కట్టయిందా అని చూశా. కట్టవలేదు.

"షాహీన్?"

"అక్కా..." ఆ పిల్ల గొంతు మారింది. "నేను ఊఁ అనలేదక్కా. ఆ వరస నాకింకా కనపళ్లేదు, కిందికి జరుపుకుంటాండా. నీ దగ్గర ఎవురో బిడ్డ ఉండాడే... ఎవురి బిడ్డ?"

షాహీన్ ఆఫీసులో చేరి కొన్ని నెలలే. నా సంగతి ఆమెకు తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

నేను కదల్లేదు. కప్పలు ఆగిపోయాయని అప్పుడు తెలిసింది. ఎప్పుడు ఆగాయో తెలీదు. తలుపు సందులోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. దాంతోపాటు బొగ్గు వాసన... సాంబ్రాణి వేసింది బొగ్గుల మీదే కదా, రాదా మరి? అట్లా సర్దిచెప్పుకుంటున్నా. నా వీపు తలుపుకు ఆని ఉంది. చెక్క చల్లగా ఉంది.

అప్పుడు... నా వీపు వెనక... చెక్కకు అవతల... కింద, నేల దగ్గర...

"ఊఁ..."

చిన్నగా. ఊపిరి వదులుతూ.

ఆగింది. నేను లెక్కపెట్టలేదు. ఊపిరి బిగబట్టానంతే.

"ఊఁ..."

అది మనిషి జవాబు చెప్పే ఊఁ కాదు. అది మూలుగు. నాకు తెలీదా! అద్దాల పెట్టెకు చెవి ఆనించి విన్నదాన్ని నేను. ప్రపంచంలో ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలుసు.

భయం వేసిందా అంటారా? వేసింది. కానీ భయం కంటే ముందు ఇంకొకటి జరిగింది. సిగ్గు విడిచి చెప్తున్నా, మీరంతా ఆడవాళ్లే కాబట్టి. రొమ్ములు గట్టిపడ్డాయి. సూదులు పొడిచినట్టు. జాకెట్టు తడిసింది. రెండేళ్ల తర్వాత... పాలు చేపాయి.

ఎప్పుడు లేచానో తెలీదు. లాప్‌టాప్ కింద పడింది. చెయ్యి గొళ్లెం మీద ఉంది. ఇంకో చెయ్యి వచ్చి దాని మీద పడింది. జేజిది. కళ్లు కనపడని మనిషి, ఆ చీకట్లో, నా చెయ్యి ఎక్కడుందో అక్కడే పట్టుకుంది.

"తీయాకు."

"జేజీ, లోపల..."

"తీయాకు. తింటాండారు. తింటాంటే తలుపు తీస్తే ఆకలితో లేచిపోతారు. మళ్ల రారు."

"ఎవరు జేజీ లోపల?"

"పెద్దోళ్లు."

"పెద్దోళ్లు అట్లా మూలుగుతారా?"

జేజి నా చెయ్యిని గొళ్లెం మీదే అదిమిపట్టింది.

ఫోన్లోంచి షాహీన్ "అక్కా, అక్కా" అంటోంది. తర్వాత ఏదో దువా చదువుకుంటోంది. లోపల అది ఆగడం లేదు. ఊఁ... ఊఁ... నాకు ఒకటే ఆలోచన. ఆ ఆకుల్లో ఏముంది? పొట్టేలు కూర. వడలు. బీడీలు. ఆ బిడ్డ ఏం తింటాడు? ఒక చుక్క పాలైనా పెట్టలేదే నేను. తీస్తే ఆకలితో పోతాడు. తీయకపోయినా ఆకలితోనే ఉంటాడు. ఇక్కడ నాకు జాకెట్టంతా పాలు. మధ్యలో ఒక చెక్క తలుపు.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఊఁకు, ఊఁకు మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఆరోజు ఆసుపత్రిలో కూడా అట్లాగే పెరిగింది. ఇదే చివరిది అనుకుంటే ఇంకొకటి వచ్చేది. చివరికి... రాలేదు.

కప్పలు అరవడం మొదలుపెట్టాయి.

జేజి నా చెయ్యి వదిలి చప్పట్లు కొట్టింది. తలుపు తానే తీసింది. దీపం వెలుగుతోంది. మూడు ఆకులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. అన్నం మీద ఆవిరి పోయి చల్లబడింది. నేల మీద తలుపు దగ్గర ఏం లేదు. వెతికా. మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తడిమి తడిమి వెతికా. వంటింటి కిటికీ తీసే ఉంది. పిల్లి అయ్యుండొచ్చు అంటారా... అనుకోండి. నేను కూడా పగలు అట్లాగే అనుకుంటా.

శీను వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. చెప్పా. ఆయన తింటున్న అన్నం వదిలేసి చేతులు కడుక్కున్నాడు. పాల సంగతి డాక్టరమ్మను అడిగితే, ఒక్కోసారి అట్లా అవుతుందమ్మా, మనసు బాధపడితే కూడా అవుతుంది అంది. జేజిని అడిగితే తల తిప్పుకుంది. "ఏ బిడ్డ మూలిగినా చేపుతాది. తల్లి రొమ్ముకి తన బిడ్డ, పరాయి బిడ్డ అని ఉంటాదా?"

"అంటే నువ్వు కూడా విన్నావు కదా జేజీ?"

"నాకేం ఇనపళ్లా."

అదీ నన్ను తినేస్తున్నది. ఎవరి బిడ్డ? నేను పిలిచింది ఆ థామస్, ఎలిజబెత్‌ల కొడుకును. బొగ్గు ఊళ్లో, పేరు పెట్టకముందే కాగితంలోకి ఎక్కినవాడిని. వాడు బతికాడో పోయాడో కూడా నాకు తెలీదు. వాడు పలికాడా? లేకపోతే పేరు లేని బిడ్డా అని ఎవరో పిలిస్తే, ఇంకెవరూ వాడిని పిలవరు కాబట్టి, నావాడు తనే అనుకున్నాడా?

షాహీన్, నేను ఇప్పటికీ కలిసే పని చేస్తున్నాం. సరిపోతే ఇప్పుడు తను "సరే" అంటుంది. ఊఁ అనడం మానేసింది. నేను చెప్పలేదు, తనే మానేసింది.

ఈ యేడు అమావాస్యకు శీను ఇంట్లోనే ఉన్నాడు. పగలే పెట్టాం. మూడు ఆకులు వేశాక జేజి తడుముకుంటూ వంటింట్లోకి పోయింది. చిన్న గిన్నెలో పాలు తెచ్చి వరస చివర పెట్టింది.

"ఎవరికి జేజీ?"

"ఎవురికీ లేదు. పిల్లి తాగుతాదిలే."

శీను వాళ్ల తాతను పిలిచాడు, నాయనను పిలిచాడు, అమ్మను పిలిచాడు. గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. జేజి కనపడని కళ్లు నా వైపు తిప్పింది. నేనే పిలవాలి. ఏమని? ఆ ఇద్దరిలో ఎవరికీ పేరు లేదు. "దా నాన్నా..." అన్నా. అంతే వచ్చింది నా నోట్లోంచి. ఏ బిడ్డయితే ఆ బిడ్డ అనుకున్నా.

బయటికి వచ్చి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నా. పోయినేడు కూర్చున్న చోటే. శీను చప్పట్లు కొట్టబోతే ఆపా. ఇంకాసేపు, ఇంకాసేపు అని. ఎండ వరండా దాటిపోయింది.

ఏమీ వినపళ్లేదు. తీసి చూస్తే గిన్నెలో పాలు అట్లాగే ఉన్నాయి. పైన మీగడ కట్టింది.

తింటుంటే తలుపు తీస్తే మళ్ల రారు అంది కదా జేజి. పోయినేడు నేను తీయలేదు. గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని, జాకెట్టు తడుస్తున్నా, తీయలేదు. మరి ఎందుకు రాలేదు?